మహారాజా కిషన్ పర్షాద్

మహారాజా సర్ కిషన్ పర్షాద్ (1864 - 1940) హైదరాబాదు సంస్థానానికి రెండు పర్యాయములు ప్రభుత్వాధిపతిగా పనిచేసిన పరిపాలకుడు, ఉర్దూ, పారశీక భాషల కవి. "షాద్" ఆయన కలం పేరు.

పదవులు

నిజాం కొలువులో దివానుగా పనిచేసిన చందూలాల్ వంశంలో ఈయన జన్మించాడు. 1902 నుండి 1912 వరకు ప్రధానమంత్రిగాను, 1926 నుండి 1937 వరకు కార్యనిర్వాహక మండలి అధ్యక్షుడుగాను ఉన్నాడు. మండలి నిర్ణయాలపై తుది అధికారం ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌దే. ఆర్థిక శాఖను అక్బర్ హైదరీ నిర్వహించేవాడు.

ఆర్థిక మాంద్యం

1929 తరువాత పంటల ధరలు పడిపోయినవి. శిస్తు నగదుగా చెల్లించవలసి ఉన్నందున రైతు ఎక్కువ ధాన్యం అమ్మవలసి వచ్చేది, లేదా షాహుకారు వద్ద అప్పు చేయవలసి వచ్చేది. అప్పు తీరనిచోట భూమి చేజారేది.

నిజామాబాదు ప్రాంతం

కందకుర్తి వద్ద గోదావరిలో కలిసే మంజీరపై 1923లో ప్రారంభమైన నిజాంసాగర్ నిర్మాణం మాంద్యంలోనూ ఆగక 1931లో పూర్తయినది. దీని ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీటితో బోధన్ పరిసరాలలో చెరకు సాగు విస్తరించినది. 1932లో బ్రిటిషు ఇండియా ప్రభుత్వం విదేశీ చక్కెరపై రక్షణ సుంకం విధించగా దేశంలో చక్కెర మిల్లులు పెరిగినవి. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో స్థాపితమైనది. అది 2015లో మూతపడినది.

మూల్యాంకనం

ఈ ఘనత ఆయన ఒక్కనిది కాదు. నిజాం, హైదరీ, ఇంజనీర్లకూ చెందుతుంది. కాలువ క్రింద భూమి ఉన్నవారికి మేలు జరిగినది. కాలువ చేరని గ్రామాలలో అప్పుల భారం మిగిలినది. 1937లో హైదరీ ఆయన స్థానంలోకి వచ్చాడు. కిషన్ పర్షాద్ 1940లో మరణించాడు.