ఒంగోలు ఆదివారములు

మా ఒంగోలు పేరెత్తగానే దూరదేశములందలి క్రైస్తవులకు మొదట స్ఫురించునది గుండ్లకమ్మ నది. 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన, ఊరికి ఉత్తరముగా పదిమైళ్ల దూరమునగల వెల్లంపల్లి రేవున, ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరు వంతున నడుములోతు నీటిలో నిలిచి, ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ముందునాడు 614 మంది, మరునాడు 700 మంది. నడిమి సంఖ్య అంత సొగసుగా కుదిరినది గనుకనే కాబోలు, వ్రాసినవారందరును దానిచుట్టునే ప్రదక్షిణము చేయుదురు. నా మట్టుకు, మా క్రైస్తవుల చరిత్రను నదిలో మునిగిన ఆ దినమునందు కాక, తడిబట్టలు ఆరిన తరువాత వచ్చిన ఆదివారములందు వెదకవలెనని తోచును.

అమెరికను బాప్తిస్టు మిషనువారు 1840లో నెల్లూరున నిలదొక్కుకొనిరి. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఆ మిషనుకు చెందిన జూయెట్ దంపతులు మరి ముగ్గురు తెలుగువారితో మా ఊరి కొండయెక్కి ప్రార్థించిరి. ఆ కొండకు నేటికిని ఆ ప్రార్థన పేరే నిలిచినది. 1866లో అదే మిషను బోధకుడు జాన్ ఎవరెట్ క్లౌ దొర వచ్చెను. మరుసటి యేడు జనవరి 1న ఏర్పడిన సంఘమున సభ్యులు ఎనిమిదిమందియే. అయితే దొర రాకమునుపే తాళ్లకొండపాడు వాస్తవ్యుడు, తోళ్ల వర్తకుడు, ఎర్రగుంట్ల పేరయ్య, వర్తకమునకై ఏలూరు ప్రాంతమునకు పోయినప్పుడు సువార్త విని, దానిని తన వారికి చెప్పనారంభించి యుండెను. 1867లో ఆ ఊరి చింతతోపున క్లౌ గుడారము వేయగా, మూటలలో బియ్యము కట్టుకొని చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చినవారిలో 28 మంది బాప్తిస్మము పొందిరి. వారు మాదిగలు. కనుక మా ఊరి క్రైస్తవమును నాటినవాడు దొరయా, పేరయ్యయా యని అడిగినచో నేను పేరయ్య పేరే చెప్పుదును.

కొత్తగా చేరినవారికి విధింపబడిన నియమములు మూడు: విగ్రహములను పూజింపరాదు, చచ్చిన గొడ్డుమాంసము తినరాదు, ఆదివారము పనిచేయరాదు. వినుటకు ఇవి స్వల్పములుగా తోచును గాని, ఆనాటి పల్లె వ్యవస్థ యెరిగినవారికి ఇందలి బరువు తెలియును. ఒక్కొక్క మాదిగ కుటుంబము ఒక్కొక్క రైతు ఇంటిని అంటిపెట్టుకొని యుండెడిది. రైతుకు చెప్పులు కుట్టుట, బావినుండి నీరు తోడు కపిలకు తోలుబాన అమర్చి చినిగినప్పుడెల్ల బాగుచేయుట, కోతకును నూర్పిడికిని పిలిచినప్పుడు పోవుట వారి విధి. కళ్లమువద్ద కొలిచి యిచ్చు ధాన్యమును, ఆ యింట చచ్చిన గొడ్డును వారి హక్కు. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టవలసినవారును వారే. ఇట్టి యేర్పాటులో మాదిగవాడు ఒక ఉదయమున తలకు నూనె రాచుకొని, ఉతికిన బట్ట కట్టుకొని, నేడు కపిలవద్దకు రాను, రేపు తెల్లవారకముందే వచ్చెదనని చెప్పుట యెట్టి మాట! మడిలో పైరు వాడుచుండగా రైతుకు అది తిరుగుబాటుగా తోచుటలో వింత లేదు. జాతరనాడు డప్పు మ్రోగకున్న అమ్మవారికి కోపము వచ్చి ఊరికి కలరా తగులునని ఊరివారు నిజముగానే భయపడిరి; ఆ భయమును కేవలము దౌర్జన్యమని కొట్టివేయుట న్యాయము కాదు.

దౌర్జన్యమును లేకపోలేదు. కోమటి అంగడిలో సరుకు పుట్టకుండెను, చాకలి బట్ట ముట్టడు, కుమ్మరి కుండ అమ్మడు, బావిదారి మూసిరి, గేదెలను తోలుకొనిపోయిరి, కరణమును మునసబును ఏకమైనచోట దొంగతనపు నేరములు మోపిరి. కొందరు లొంగిపోయిరి. లొంగనివారు చేసిన ఘనకార్యమేమియు లేదు: ఆరు దినములు మునుపటికన్న బాగుగా పనిచేసిరి, ఏడవనాడు రాకపోయిరి. అట్టి వారములు ఏండ్లతరబడి గడవగా, సోమవారమున తప్పక వచ్చువాడు ఆదివారమున రాకున్నను నష్టము లేదని రైతు లెక్కకు వచ్చెను.

1876–78 నాటి ధాతుకరువును గురించి క్లుప్తముగా చెప్పుదును. యౌవనమున భూమికొలత పని నేర్చిన క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు పుచ్చుకొని వేలమందికి కూలి చూపించెను, బోధకులు మేస్త్రీలైరి. కూటికై మతము మార్చుకొనిరను నింద నేటికిని వినవచ్చును. అయితే కాలువపని జరిగిన కాలమున, ఏడాదికి పైగా, ఆయన ఒక్కరికిని బాప్తిస్మమీయలేదు. జనము వెల్లంపల్లికి వచ్చినది కూలి ముగిసిన పిమ్మట. కరువులో అన్నము పెట్టినవానియందు గురి కుదురుటను మాత్రము తప్పనువారు ఎన్నడును ఆకలిగొని యుండరు.

ఆ ఆకలి యెరిగిన మా పల్లెలలో ఇప్పటికిని కొందరు తల్లులు ఎసట బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయుదురు. వారాంతమున ఆ బియ్యము గుడికి చేరును. కొలిచిన బియ్యమునుండియే తీయవలెను గాని, అదనముగా కొలిచి తీయరాదని మా వీధిలోని ఒక వృద్ధురాలు కోడలిని మందలించుట విన్నాను. తనకు తగ్గనిది దేవునికి చేరదని ఆమె లెక్క.

ఆదివారములను పాటించుచు ఇట్లు బాహాటముగా బ్రతికినవారి సంతతికి 1950లో మరియొక చిక్కు వచ్చెను. ఆ యేటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువు కానివానికి షెడ్యూల్డు కులపు హోదా లేదు. 1956లో సిక్కులకును 1990లో బౌద్ధులకును దానిని విస్తరించిరి గాని క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రమున వారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమున నుంచి, ఒక్క శాతము కేటాయించిరి. ఫలితముగా గుడి పుస్తకమున ఒక పేరు, బడి పుస్తకమున మరియొక పేరు గల కుటుంబములు మా యెరుకలో కొల్లలు. వీరిని పిరికివారని ఎగతాళి చేయువారు ఇరుపక్షములను కలరు. అయితే అట్టి యింటి తల్లి తెల్లచీర కట్టి, బైబిలు చంకన బెట్టుకొని, నడిబజారునుండియే గుడికి పోవుచున్నది. పొరుగువారెవరికిని ఆమె మతము రహస్యము కాదు. దాపరికమంతయు కుమారుని దరఖాస్తులోని ఒక గడికి సంబంధించినది. ఆ గడిని గీసినది ఆమె కాదు.