గోదావరి నీరు, సముద్రపు ఉప్పు

భద్రాచలము చెంత గోదావరిలో పారునది మంచినీరు. ఆ నీరే పాపికొండల నడుమ సాగి, ధవళేశ్వరపు ఆనకట్ట దాటి, సముద్రమున కలిసిన పిదప త్రాగుటకు పనికిరాకుండ పోవును. నదులే గదా సముద్రమును నింపునవి. మరి ఈ భేదమెట్లు వచ్చినది?

నదీజలమున ఉప్పు బొత్తిగా లేదనుట సరికాదు. వాననీరు రాళ్ళను, మట్టిని ఒరసికొని పారునపుడు అందలి లవణములను కొంచెము కొంచెముగా కరగించి తెచ్చును. మంచినీటిలో ఇవి సాధారణముగా లీటరునకు అరగ్రాము మించవు. సూర్యుడు సముద్రమునుండి నీటిని మాత్రమే ఆవిరిగా గైకొనును. ఉప్పు అచటనే మిగులును. కోట్ల సంవత్సరములుగా ఇట్లు జరుగుటచే సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణము చేరినది.

మన శరీరమున అధికమైన ఉప్పును మూత్రపిండములు నీటితో కలిపి వెలికి పంపును. ఎంత శ్రమించినను అవి లీటరు మూత్రమున సుమారు 20 గ్రాములకు మించి పంపజాలవు. కనుక లీటరు సముద్రజలము త్రాగినవాడు ఆ ఉప్పును వదల్చుకొనుటకు సుమారు లీటరు ముప్పాతిక నీటిని వ్యయపరుపవలసి వచ్చును. ఆ ముప్పాతిక లీటరును ఒంటిలోని నీటినుండియే తీయవలెను. దాహము హెచ్చును, మతి తప్పును, తుదకు ప్రాణమే పోవచ్చును. (మంచినీరన్న పేరుండిన మాత్రమున ఏటినీటిని కాచకుండ త్రాగుమని మన భావము కాదు సుమా!)

ఇట్టి ఉప్పే అడవి అంచున అపురూప వస్తువు. చెమటతో పోయిన ఉప్పు తిరిగి చేరనిదే ఒడలు నిలువదు. కోయలు, కొండరెడ్లు చింతపండు, తేనె, కరక్కాయలు సంతకు తెచ్చి, మారుగా ఉప్పు కొనిపోవుచుండిరి. ఆ తూకములు ఎల్లప్పుడును న్యాయముగా నుండెనని మనము చెప్పజాలము.

నిజాము రాజ్యమునకు సముద్రతీరము లేదు. 1860లో భద్రాచల ప్రాంతము ఇంగ్లీషువారికి దత్తము కాగా, గోదావరి రెండు ప్రభుత్వముల నడుమ ఎల్లయైనది. ఆ కాలముననే సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలముతో ఎగువ గోదావరిని పడవల రాకపోకలకు అనువు చేయు యత్నము సాగెను. బీరారు ప్రత్తి దిగువకు దిగవలెను, తీరపు ఉప్పు ఎగువకు ఎక్కవలెను, ఇదియే తలంపు. కాని నదికి మూడుచోట్ల బండరాళ్ళు అడ్డము. మొదటిది భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెము కడ. హేగ్ అను ఇంజనీరు పర్యవేక్షణమున అచట ఆనకట్ట, లాకు వెలసినవి. అడవి జ్వరములు పనివారిని పీడించెను, వ్యయము పెరిగెను. 1871లో ప్రభుత్వము ఆ పనిని విడిచిపెట్టెను.

దుమ్ముగూడెము ఆనకట్ట మిగిలినది. ఉప్పు పడవల బాట మిగులలేదు. అడవి పల్లెలకు ఉప్పు మరల బండ్లమీదను, కావళ్ళతోను సంతలకే చేరినది. 1956లో గిరిజనుల కొరకు ప్రభుత్వమే ఒక సహకార సంస్థను నెలకొల్పి, అటవీ ఫలసాయమును కొనుటకును, నిత్యావసర వస్తువులను అమ్ముటకును పూనుకొన్నది.