నాలుగు రాత్రులు వచ్చిన కూతురు

1897 జనవరి 23. అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రం, గ్రీన్‌బ్రయర్ కౌంటీ. కమ్మరి పని చేసే ట్రౌట్ షూ ఒక కుర్రాణ్ణి పిలిచి, తన ఇంటికి వెళ్లి అంగడి నుంచి ఏమైనా కావాలేమో తన భార్యను అడిగి రమ్మన్నాడు.

కుర్రాడు వెళ్లేసరికి ఆమె మెట్ల దగ్గర నేల మీద పడి ఉంది. తల ఒక పక్కకి వాలి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. వాడు గుండె చేతబట్టుకుని అమ్మ దగ్గరికి పరుగెత్తాడు. కబురు డాక్టరుకీ వెళ్లింది, మొగుడికీ వెళ్లింది.

డాక్టర్ జార్జ్ నాప్ రావడానికి గంట పట్టింది. ఆ గంటలో జరగాల్సిందంతా జరిగిపోయింది. ఆ కాలంలో ఆ పల్లెల్లో చనిపోయిన ఆడవాళ్లకి స్నానం చేయించి బట్టలు కట్టేది ఇరుగుపొరుగు ఆడవాళ్లే. ఇక్కడ మాత్రం మొగుడే భార్యను మేడ మీదికి మోసుకుపోయి, కడిగి, ఉన్నవాటిలో మంచి గౌను తొడిగాడు. మెడను పూర్తిగా కప్పేసే గట్టి కాలరున్న గౌను. ముఖం మీద మేలిముసుగు. డాక్టరు వచ్చేసరికి ఆమె తలను ఒళ్లో పెట్టుకుని గుండెలవిసేలా ఏడుస్తున్నాడు. నాప్ మెడ దగ్గర కమిలిన మచ్చలు చూసి వంగబోతే షూ మండిపడ్డాడు. పెళ్లాం పోయిన మనిషి కదా, ఎందుకు రాపిడి అనుకున్నాడో ఏమో, డాక్టరు వెనక్కి తగ్గాడు. మరణ కారణం మొదట మూర్ఛ అన్నాడు. తర్వాత ప్రసవ సంబంధమైనది అని మార్చాడు. రెండు మాటలకీ పొంతన లేదని అప్పుడెవరూ అడగలేదు.

ఆమె పేరు ఎల్వా జోనా హీస్టర్. షూ ఆ ప్రాంతానికి వచ్చింది 1896 శరదృతువులో. దిమ్మసాలాంటి మనిషి, మాటకారి. చూసిన కొద్దిరోజులకే జోనా మనసిచ్చింది, పెళ్లాడింది. తల్లి మేరీ జేన్ హీస్టర్‌కి అల్లుడు మొదటి రోజు నుంచీ నచ్చలేదు. పెళ్లయి మూణ్ణెల్లు తిరిగాయో లేదో కూతురు శవమై పుట్టింటి ఊరికి, లిటిల్ సూయెల్ కొండ మీదికి వచ్చింది.

శవజాగరణ రాత్రి షూ పెట్టె దగ్గర్నుంచి కదల్లేదు. తలకి ఒక పక్క దిండు, రెండో పక్క చుట్టచుట్టిన గుడ్డ దూర్చాడు, హాయిగా పడుకుంటుందని. మెడకి పెద్ద రుమాలు చుట్టాడు, అది ఆమెకి ఇష్టమైందని. కాసేపు గుక్కపట్టి ఏడుపు, కాసేపు ఎక్కడలేని హుషారు. శవాన్ని స్మశానానికి తీసుకుపోవడానికి కదిపినప్పుడు తల అటూ ఇటూ వాలిపోవడం కొందరు చూశారు. చూసినవాళ్లు చెవులు కొరుక్కున్నారు. పెట్టెలోంచి తీసిన దుప్పటిని మేరీ జేన్ ఉతికితే నీళ్లు ఎర్రబడ్డాయని కూడా ఒక కథ ఉంది. ఇలాంటివి ఊళ్లో నోటి మీద పెరుగుతాయి. దాన్ని అక్కడే వదిలేద్దాం.

తల్లి మాత్రం వదల్లేదు. కూతురు తిరిగొచ్చి జరిగింది చెప్పాలని ఆవిడ రాత్రీ పగలూ దేవుణ్ణి వేడుకుంది. కొన్ని వారాలకి జోనా వచ్చింది. ఒక రాత్రి కాదు, నాలుగు రాత్రులు.

మొదటి రాత్రి ఆమెకి చెప్పాలని లేనట్టుందట. వెళ్తూ వెళ్తూ తల మొత్తం వెనక్కి తిప్పి తల్లి వైపు చూసిందట. మర్నాటి నుంచి నోరు విప్పింది. భోజనానికి మాంసం వండలేదని మొగుడికి కోపం వచ్చిందట. ఇంట్లో మిగతావన్నీ ఉన్నాయి: వెన్న, ఆపిల్ పళ్లు, ఆపిల్ గుజ్జు, బేరి పళ్లు, చెర్రీలు, రాస్ప్‌బెర్రీ జెల్లీ. అయినా మీదపడి మెడ విరిచాడు. ఈ పళ్ల జాబితా నా కల్పన కాదు, మేరీ జేన్ ప్రమాణం చేసి కోర్టులో చెప్పినదే. దయ్యం కథలు చాలా చదివాను గానీ, అలమారలో ఏమేం ఉన్నాయో ఒప్పజెప్పిన దయ్యాన్ని ఇక్కడే చూశాను. మాంసం లేదు గానీ నేను ఏ లోటూ చేయలేదమ్మా అని పుట్టింటికి సంజాయిషీ ఇచ్చుకునే కూతురి గొంతు అందులో వినిపిస్తుంది. అబద్ధం అల్లేవాళ్లకి రక్తం తడుతుంది, జెల్లీలు తట్టవు. అందుకే ఆవిడ నమ్మిందే చెప్పిందని నాకనిపిస్తుంది.

మేరీ జేన్ లూయిస్‌బర్గ్ వెళ్లి ప్రాసిక్యూటర్ జాన్ ఆల్‌ఫ్రెడ్ ప్రెస్టన్ ముందు కూర్చుంది. ఆయన దయ్యాన్ని నమ్మాడో లేదో గానీ ఆవిణ్ణి తోసిపుచ్చలేదు. మనుషుల్ని పంపి వాకబు చేయించాడు. పరీక్ష సగంలో ఆపేశానని డాక్టర్ నాప్ ఒప్పుకున్నాడు. ప్రెస్టన్‌కి కావలసింది అదే. ఫిబ్రవరి 22న సమాధి తవ్వారు. ఒక చిన్న బడిలో, షూ కళ్లెదుటే, శవపరీక్ష జరిగింది. చలికాలం కాబట్టి శరీరం పాడవలేదు. గొంతు మీద వేళ్ల గుర్తులు. శ్వాసనాళం నలిగిపోయింది. మొదటి, రెండో వెన్నుపూసల మధ్య మెడ తప్పింది.

షూని అరెస్టు చేశారు. అప్పుడు పాత పుటలు తిరిగాయి. జోనా అతనికి మూడో భార్య. గుర్రం దొంగతనం కేసులో అతను జైల్లో ఉండగా మొదటి భార్య విడాకులు తీసుకుంది. రెండో భార్య లూసీ ట్రిట్ పెళ్లయి ఏడాది తిరక్కుండానే 1895లో చనిపోయింది. తనకి ఏడుగురు పెళ్లాలు కావాలని జైల్లో గొప్పలు పోయేవాడు. నేను చేశానని ఎవరూ రుజువు చేయలేరు అనేవాడు. నేను చేయలేదు అనడం వేరు, ఇది వేరు.

విచారణ జూన్ 22న మొదలైంది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇక్కడే ఉంది. మేరీ జేన్‌ని సాక్షిగా పిలిచిన ప్రెస్టన్ దయ్యం ఊసే ఎత్తలేదు. ఎత్తితే పరువు పోతుందనీ, అది సాక్ష్యం కిందికి రాదనీ ఆయనకు తెలుసు. దయ్యాన్ని కోర్టులోకి తెచ్చింది ముద్దాయి తరఫు లాయరు! తల్లిని పిచ్చిదాన్ని చేసి చూపిద్దామనుకున్నాడు.

దిగులుతో వచ్చిన కల కాదా అది? కాదు, పూర్తి మెలకువలో ఉన్నాను అంది ఆవిడ. నాలుగూ నాలుగు కలలు కావని గట్టిగా చెప్పగలరా? చెప్పగలనంది. రక్తమాంసాలతో వచ్చిందా? వచ్చింది, చనిపోయినప్పుడు కట్టిన బట్టలు కూడా అవే. గదిలో వెలుగుందట, అది దీపం వెలుగు కాదట. చనిపోయినవాళ్లు శవపేటికతో సహా వస్తారేమో చూద్దామని మోచేతి మీద లేచి తొంగి చూసిందట. పేటిక లేదట. ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా మాట తప్పలేదు. లాయరు అడిగే కొద్దీ జ్యూరీ మరింత శ్రద్ధగా వింది. అడిగింది తన పక్షమే కాబట్టి, అది పట్టించుకోవద్దని జ్యూరీకి చెప్పమనే వీలూ అతనికి లేకుండా పోయింది.

షూ కూడా బోనెక్కి చాలాసేపు మాట్లాడాడు. నా ముఖం చూసి చెప్పండి అని జ్యూరీని అడిగాడు. చూశారు. గంటా పది నిమిషాల్లో దోషి అని తేల్చారు. శిక్ష యావజ్జీవం. ఉరిశిక్ష వేయలేదని కోపగించిన గుంపు ఒకటి అతణ్ణి లాక్కుపోయి చంపడానికి తాడు సిద్ధం చేసుకుంటే పోలీసులు అడ్డుకున్నారు. మౌండ్స్‌విల్ జైల్లో 1900 మార్చిలో, జబ్బులు ప్రబలినప్పుడు షూ చచ్చిపోయాడు.

హంతకుడికి శిక్ష వేయించడంలో దయ్యం సాక్ష్యం తోడ్పడినట్టు తెలిసిన ఏకైక కేసు ఇదేనని రాష్ట్ర ప్రభుత్వం అక్కడ రహదారి పక్కన ఫలకం పెట్టింది. ఫలకం కాస్త ఎక్కువే చెబుతోంది. శిక్ష వేయించింది విరిగిన వెన్నుపూస. కాకపోతే ఆ సమాధి తవ్వించిందెవరు? జోనా మరణవార్త వేసిన జనవరి 28 నాటి గ్రీన్‌బ్రయర్ ఇండిపెండెంట్ పత్రికలోనే, దయ్యం వల్ల హత్య బయటపడిందన్న ఆస్ట్రేలియా కథ ఒకటి అచ్చయింది. మేరీ జేన్ అది చదివి ఉంటుందని కొందరి వాదన. కాదనలేం. వాలిపోయిన తలని, ఆ రుమాలుని ఆవిడ కళ్లారా చూసిందన్నదీ కాదనలేం. అల్లుడి మీద అనుమానమని ఒక పల్లెటూరి ఆడది చెబితే ఎవరు వింటారు? కూతురే వచ్చి చెప్పిందంటే ప్రాసిక్యూటర్ కనీసం కుర్చీ వేశాడు.

మేరీ జేన్ 1916 దాకా బతికింది. కల అని గానీ, కల్పించానని గానీ ఒక్కసారి కూడా అనలేదు. షూ మీద నడిచింది జోనా హత్య కేసు ఒక్కటే. లూసీ ట్రిట్ ఎలా పోయిందో ఏ కోర్టూ అడగలేదు.