పాదంతో పలికించిన యణాదేశం



తెలుగు పండితుడికి గిటారు పెడలుతో పనేమిటని మిత్రులు అడగవచ్చును. సమాధానం ఆ పెడలు పేరులోనే ఉన్నది. దాని పేరు 'వా'. వాద్య పరికరాలకు చేసినవారి పేర్లో, చేసే పనిని బట్టి వచ్చిన పేర్లో ఉండడం పరిపాటి. దీనికి మాత్రం అది పలికే అక్షరమే పేరయింది. అక్షరాన్ని పలికే యంత్రం కనుక, దాని చరిత్ర చెప్పుకునే అధికారం వ్యాకరణం చదివినవాడికీ కొంత ఉన్నదని నా మనవి.

ఉద్యోగ జీవితమంతా తరగతి గదిలో వల్లెవేయించిన సూత్రం ఒకటున్నది. ఇ, ఉ, ఋలకు అసవర్ణాచ్చులు పరమైతే య, వ, రలు ఆదేశంగా వస్తాయి. సు + ఆగతం = స్వాగతం. గురు + ఆజ్ఞ = గుర్వాజ్ఞ. ఇది యణాదేశ సంధి. ఎందుకు వస్తాయని అడిగిన పిల్లలు తక్కువ. అడిగినవారికి ఒకటే చెప్పేవాణ్ణి: పెదవులు సున్నాలా చుట్టి 'ఉ' అను, ఊపిరి తెగకుండా 'ఆ' అని నోరు తెరు. నడుమ వకారం దానంతటదే పుడుతుంది. ఇందులో గొంతు శ్రుతి మారదు, మారేది నోటి ఆకృతి. పెదవులు ముడిచినప్పుడు నాదంలోని కింది అంశాలు బలపడతాయి. తెరిచేకొద్దీ పై అంశాలు వెలికి వస్తాయి. వా పెడలు చేసే పని అచ్చంగా ఇదే. మడమ ఆనితే 'ఉ', మునివేళ్ళు ఆనితే 'ఆ', ఆ రెంటి నడుమ పాదం నడిచిన దారి వకారం.

ఈ కోరిక గిటారుతో మొదలైంది కాదు. 1920లలో డ్యూక్ ఎల్లింగ్టన్ వాద్యబృందంలో బబ్బర్ మైలీ ట్రంపెట్టు మూతికి, ట్రికీ శామ్ నాంటన్ ట్రాంబోను మూతికి రబ్బరు మూత అడ్డుపెట్టి తీస్తూ మూస్తూ వాద్యం చేత మాట్లాడించారు. ఆ మూత తూములో మురుగు కదిలించేందుకు వాడే రబ్బరు గిన్నె వంటిదే. 1931లో క్లైడ్ మెకాయ్ ట్రంపెట్టు మీద వాయించిన 'షుగర్ బ్లూస్' ఈ వా ధ్వనికి పెద్ద ప్రచారం తెచ్చింది. ఊదేవాడికి ఒక చేయి ఖాళీ ఉంటుంది కనుక ఇది సాధ్యమైంది. గిటారు వాయించేవాడికి రెండు చేతులకూ పని ఉన్నది. మిగిలినవి కాళ్ళే.

కాలికి పని చెప్పిన తొలి పరికరం వా కాదు, వాల్యూమ్ పెడలు. దాని అవసరం మన వీణ తెలిసినవారికి వెంటనే బోధపడుతుంది. మీటిన క్షణంలోనే తంత్రీనాదం గరిష్ఠం, ఆపైన క్షీణించడమే. వాయులీనంలో కమాను కదిలినంతసేపూ నాదం నిలుస్తుంది, కావాలంటే పెరుగుతుంది. మీటు వాద్యానికి ఆ భాగ్యం లేదు. మాండొలిన్‌లో గమకం నిలవదన్న చిక్కును మన పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) విద్యుత్ మాండొలిన్‌తో దాటిన సంగతి మనకు తెలుసు. స్టీల్ గిటారు వాద్యకులు అదే చిక్కును పాదంతో దాటారు. పెడలును సగం మూసి ఉంచి మీటుతారు, నాదం సన్నగిల్లుతున్నకొద్దీ పెడలు తెరుస్తారు. క్షయం, వృద్ధి ఒకదానికొకటి సరిపోయి స్వరం నిలకడగా వినిపిస్తుంది. పూర్తిగా మూసి మీటి, తరువాత తెరిస్తే మీటిన చప్పుడే వినపడదు. స్వరం ఎక్కడినుంచో మెల్లగా ఉదయించినట్టు ఉంటుంది. మీటు వాద్యం క్షణకాలం కమాను వాద్యమవుతుంది.

ఈ రెండు కోరికలనూ ఒకే పెడలులో ఇమిడ్చే యత్నం వా పెడలు పుట్టకముందే జరిగింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో రో ఇండస్ట్రీస్ అనే సంస్థ ఉండేది. అది డిఆర్మండ్ పేరిట తయారుచేసిన పెడలు ఒకటి 1950ల నాటికే వాడుకలో ఉన్నది. పైకీ కిందికీ తొక్కితే వాల్యూము, అదే పలకను పక్కలకు తిప్పితే స్వరవర్ణం మారేవి. 1959లో చెట్ ఆట్కిన్స్ 'బూ బూ స్టిక్ బీట్'లో స్వరవర్ణ పెడలుతో గిటారు చేత దాదాపు మాట్లాడించాడు. 1964లో డేవ్ బెర్రీ పాడిన 'ద క్రయింగ్ గేమ్'లో బిగ్ జిమ్ సల్లివన్ డిఆర్మండ్ పెడలుతో గిటారును ఏడిపించాడు. పాట పేరుకు తగ్గ ఏడుపు అది.

ఇక అసలు వా కథ. ఇంగ్లండులోని వాక్స్ ఆంప్లిఫయర్లకు అమెరికాలో పంపిణీదారు కాలిఫోర్నియాలోని థామస్ ఆర్గన్ కంపెనీ. 1966లో అక్కడ బ్రాడ్లీ ప్లంకెట్ అనే యువ ఇంజనీరుకు ఒక పొదుపు పని అప్పగించారు. ఆంప్లిఫయరులో మధ్యస్థాయి నాదాన్ని పెంచే మూడు స్థానాల స్విచ్చి ఖరీదైనది, దాని బదులు చవకైన తిప్పుడు బిరడా పెట్టాలి. బిరడా పెట్టి తిప్పి చూస్తే, మూడు మెట్లుగా మారవలసిన ధ్వని జారుడుబండ మీద జారినట్టు ఎడతెగకుండా మారింది. దానికి కాలితో నడిపే ఉపాయం కావలసి వచ్చినప్పుడు, వాక్స్ ఆర్గన్‌కు వాడే వాల్యూమ్ పెడలు డొప్ప దొరికింది. కొత్త వలయాన్ని అందులో బిగించారు.

ఈ ఒక్క సంగతి నా దృష్టిలో మొత్తం చరిత్రకు కీలకం. వా పెడలు పుట్టుకతోనే వాల్యూమ్ పెడలు శరీరంలో పుట్టింది. తరువాతివారు ఆ రెంటినీ కలిపినప్పుడు వారు చేసింది పరకాయప్రవేశం కాదు, ఒకే ఇంటివారిని మళ్ళీ ఒక చూరు కిందికి తేవడమే.

సంస్థ పెద్దలకు మాత్రం గిటారు మీద దృష్టి లేదు. ఈ పరికరం మైకు తగిలించిన ఊదే వాద్యాలకు పనికివస్తుందని వారి నమ్మకం. గిటారు వాద్యకుడు డెల్ కాషర్ ఇది గిటారుకే తగినదని పట్టుబట్టాడు. 1967లో అంగడికి వచ్చిన పెడలు మీద ఉన్న పేరు ప్లంకెట్‌ది కాదు, కాషర్‌దీ కాదు. ట్రంపెట్టు వాయించిన క్లైడ్ మెకాయ్‌ది. పెడలు అడుగున బొమ్మ కూడా ఆయనదే. 1967లో దరఖాస్తు పెట్టగా 1970లో మంజూరైన పేటెంటు పత్రంలో ప్లంకెట్, లెస్టర్ కుష్నర్ల పేర్లున్నాయి. తవ్వించినవాడి పేరు చెరువుకు నిలిచి, గట్టు వేసిన కూలివాడి పేరు మాసిపోవడం మనకు కొత్త కాదు. ఇక్కడ తవ్వించినవాడి పేరు సైతం కాదు, ఎప్పుడో ఆ ఊరి దారిన నడిచిన పెద్దమనిషి పేరు నిలిచింది.

ఊదే వాద్యాల ఊసు త్వరలోనే మరుగున పడింది. 1967లో క్రీమ్ బృందంలోని ఎరిక్ క్లాప్టన్ 'టేల్స్ ఆఫ్ బ్రేవ్ యులిసీస్'లో వా పలికించాడు. 1968లో జిమీ హెండ్రిక్స్ 'వూడూ చైల్డ్' మొదట్లో తీగలను అరచేత అదిమి, స్వరమే లేని చప్పుళ్ళకు పెడలుతో మాటల తూకం ఇచ్చాడు. 1971లో ఐజాక్ హేస్ 'షాఫ్ట్' చిత్ర గీతంలో చార్లెస్ 'స్కిప్' పిట్స్ దానిని లయవాద్యంగా మార్చాడు. ఇంకొందరు పెడలును నడపకుండా నడుమ ఒకచోట నిలిపి, ముక్కుతో మాట్లాడినట్టుండే ఆ ధ్వనినే వాడుకున్నారు. సంధి జరగబోయి ఆగిపోయిన చోటన్నమాట.

వా, వాల్యూములను ఒకే పెడలులో కలిపి ప్రసిద్ధికి తెచ్చినవారిలో మార్లీ సంస్థ ముఖ్యమైనది. లాస్ ఏంజెలిస్‌లో రేమండ్, మార్విన్ లుబో అనే అన్నదమ్ములు నడిపిన టెల్-రే ఎలక్ట్రానిక్స్ దీని పుట్టిల్లు. ఆర్గన్‌కు వాడే తిరుగుడు స్పీకరు లెస్లీ అని ఒకటుండేది. ఆ ధ్వనిని చిన్న పెట్టెలో తెప్పించిన సోదరులు, అది 'లెస్'-లీ అయితే మాది 'మోర్'-లీ అని చమత్కరించారు. ఇది మన కృష్ణరాయల 'లెస్స' కాదు, ఇంగ్లీషు 'లెస్', తక్కువ అని అర్థం. 1970లలో వీరు చేసిన పెడళ్ళు తళతళలాడే లోహపు పూతతో, ఇటుక కన్న పెద్దవిగా, గోడ ప్లగ్గు నుంచి కరెంటు తీసుకునేవి. సాధారణపు వా పెడలులో పాదం పళ్ళచక్రం ద్వారా ఒక నియంత్రకాన్ని తిప్పుతుంది. రాపిడివల్ల అది కొన్నాళ్ళకు అరిగి గరగర శబ్దం చేస్తుంది. మార్లీ పెడలులో రాపిడి లేదు. లోపల ఒక చిన్న దీపం, ఎదుట వెలుతురును బట్టి నిరోధం మారే భాగం, నడుమ పాదంతో కదిలే తెర. పాదం నడిపేది వెలుతురును, వెలుతురు నడిపేది నాదాన్ని. మెటాలికా బృందంలో బేస్ వాయించిన క్లిఫ్ బర్టన్ వాడినది మార్లీయే. ఇంగ్లండులో కలర్‌సౌండ్ పేరిట కూడా వా, ఫజ్, వాల్యూమ్ మూడూ కలిసిన పెడలు వచ్చింది.

మరి వాయించేవారి అనుభవమేమిటి? బరువు తగ్గింది, తీగలు తగ్గాయి, వేదిక మీద చోటు మిగిలింది. ఒకే పరికరం కొంటే రెండు దక్కాయి. ఇవి లాభాలు. చిక్కులు మూడు.

మొదటిది మౌనం. వా ఆగగానే అదే పలక వాల్యూము అవుతుంది. తొలినాటి వా పెడలులో స్విచ్చి మునివేళ్ళ కింద ఉండేది, ఆపాలంటే పాదం ముందుకు వాలవలసిందే. కలిపిన పెడళ్ళలో స్విచ్చి విడిగా పక్కన ఉంటే, పాదం మడమ మీద ఆని ఉన్నప్పుడు కూడా వా ఆపవచ్చు. అప్పుడు 'ఉ' ఉన్న చోటే సున్నా వాల్యూము. మా మనుమడు ఒక కళాశాల ఉత్సవంలో వాయిస్తూ అలాగే స్విచ్చి నొక్కాడు. రెండు ఆవర్తాలపాటు గిటారు వినపడలేదు. "తాతయ్యా, పాట మధ్యలో గొంతు పట్టేసినట్టయింది" అన్నాడు. అనుభవజ్ఞులు స్విచ్చి నొక్కేముందు పాదాన్ని ముందుకు వాల్చడం అలవాటు చేసుకుంటారు.

రెండవది కొలత. వాల్యూము నెమ్మదిగా, చెవికి సమంగా తోచేటట్టు పెరగాలి. వా లయకు తగ్గట్టు చురుకుగా ఊగాలి. పాదం కదిలే మేర ఒకటే, కోరే నడకలు రెండు.

మూడవది స్థానం. ఇదే అసలు తగాదా. గిటారు ధ్వనిని బొంగురుపరిచే ఫజ్ వంటి పరికరాలు నడుమ ఉంటాయి. వా వాటికి ముందు ఉండాలని చాలామంది వాద్యకుల మతం. వాల్యూము వాటికి తరువాత ఉంటేనే బొంగురు తగ్గకుండా శబ్దం మాత్రం తగ్గుతుంది. ముందే ఉంటే శబ్దంతోపాటు బొంగురూ తగ్గిపోతుంది. ఒకే పెట్టెలో ఉన్న రెండింటినీ రెండు చోట్ల పెట్టడం సాధ్యం కాదు. కొందరు ఆ లోపాన్నే గుణంగా మలచుకున్నారు. పెడలు కొంత మూస్తే ధ్వని తేటపడుతుంది, తెరిస్తే గర్జిస్తుంది. తక్కినవారు రెండు వేరు పెడళ్ళకు మళ్ళారు. స్టీవ్ వాయ్ పేరిట అదే మార్లీ సంస్థ తెచ్చిన 'బ్యాడ్ హార్సీ' పెడలులో స్విచ్చే లేదు. పాదం మోపితే వా, తీస్తే లేదు. కలపడంలో వచ్చిన చిక్కులకు విడదీయడం ఒక జవాబు.

పద్యం రాసినవారికి ఈ ఇరకాటం కొత్త కాదు. ఉత్పలమాలలో ఒకే పాదం యతినీ ప్రాసనూ మోయాలి. విడిగా ఒక్కొక్కటి సులువు, కలిసినప్పుడే కష్టం. ఆ కష్టం లేని వచనమే మేలని వెళ్ళినవారున్నారు, ఆ కష్టంలోనే కొత్త పలుకు దొరికిందని మిగిలినవారున్నారు. ఎవరినీ తప్పుపట్టలేము.

యంత్రం వచ్చి సంగీతంలోని మనిషిని చంపిందని మన తరంవారు తరచు అంటాము. ఈ చరిత్ర అందుకు ఎదురు సాక్ష్యం చెబుతున్నది. దీపాలు, చక్రాలు, ట్రాన్సిస్టర్లు ఇన్ని పోగుచేసి ఆ ఇంజనీర్లు, వాద్యకులు చివరికి సాధించినవి రెండే: తీగ ఊపిరి ఎక్కువసేపు నిలవడం, తీగ నోరు తెరవడం. ఊపిరి వాల్యూము, నోరు వా. పసిబిడ్డకు పుట్టుకతో వచ్చే ఆ రెంటినీ మాటలాడలేని లోహానికి నేర్పడానికి ఇన్ని దశాబ్దాలు పట్టింది. ఇకపై ఎక్కడైనా గిటారు 'వా' అని పలికితే, ఉకారానికి ఆకారం పరమైందని గుర్తుంచుకుంటే చాలును.

సెలవు.