తెలుగు చలచ్చిత్రములందలి భయానకరసము

భయానకమునకు స్థాయి భయము. వికృతధ్వనులు, భూతదర్శనము, అరణ్యము, శూన్యగృహము మున్నగునవి దానికి విభావములని భరతముని నాట్యశాస్త్రమున చెప్పియున్నాడు. వీరమువలన అద్భుతమును, బీభత్సమువలన భయానకమును, రౌద్రమువలన కరుణమును పుట్టునని ఉత్పత్తిక్రమమును గూడ ఆతడే నిర్దేశించెను. తెలుగు చలచ్చిత్రములలో భూతప్రేతకథలు నడచిన తెన్నును పరిశీలించుటకు ఈ సూత్రము మిక్కిలి ఉపకరించును. ఏలయన, అమానుషశక్తి తెరపై కనబడినంత మాత్రమున భయానకము సిద్ధింపదు.

ఇందులకు 1951లో కె. వి. రెడ్డి దర్శకత్వమున వెలువడిన ‘పాతాళభైరవి’ ప్రథమోదాహరణము. ఇందు నేపాళమాంత్రికుడు నరబలికి గడంగును. గుహ కలదు, క్షుద్రదేవత కలదు. ఐనను ప్రేక్షకుడు వెఱవడు. తోటరాముని సాహసమును చూచి ఉప్పొంగును; కోరినదెల్ల నొసగు ప్రతిమను చూచి విస్మయపడును. వీరమునుండి అద్భుతము పుట్టిన విధమిది. విక్రమార్క బేతాళ కథలును, కాశీమజిలీ కథలును ఈ మార్గమునకు చెందినవే. ధైర్యవంతునకు భూతము గూడ వశమగునను విశ్వాసము వానికి మూలము.

ఈ మార్గము మాఱుటకు నవల కొంత కారణమైనది. యండమూరి వీరేంద్రనాథ్ రచించిన ‘తులసిదళము’ 1980 ప్రాంతమున వారపత్రికలో వెలువడి, పసిబిడ్డపై క్షుద్రప్రయోగమను వస్తువుతో పాఠకులను కలవరపఱచెను. పిమ్మట రామగోపాలవర్మ ‘రాత్రి’ (1992), ‘దెయ్యం’ (1996) అను చిత్రములను తీసెను. వీనిలో రాకుమారులు లేరు, సాహసికులు లేరు. సామాన్యకుటుంబము కొత్త యింట చేరును. ఆ యిల్లే శత్రువగును. భరతుడు చెప్పిన శూన్యగృహము ఒకడు పోయి చొచ్చునట్టిది; ఇది నిత్యము కాపురముండునట్టిది. కావున వెఱపు హెచ్చెను.

తోటరాముని పాత్ర ధరించిన నందమూరి తారకరామారావు తరువాత హైదరాబాదునకు తూర్పున నాచారమున రామకృష్ణా స్టూడియోను నెలకొల్పెను. పౌరాణిక జానపద కథలకు కోటలును సభామంటపములును కట్టవలసియుండును; దయ్యపు కథకు ఒక యిల్లు చాలును. ‘అవును’ (2012), ‘మసూద’ (2022) చిత్రములందు భూతము నగరపు నివాసములలోనే సంచరించును. ఒకప్పుడు పల్లెయై నేడు అంతస్తుల మేడలతో నిండిన బోడుప్పల్ వంటి చోట, రెండవ ఆట చూచి అర్ధరాత్రమున తన మెట్లెక్కు ప్రేక్షకునకు అట్టి కథ తన గడపలోనిదే యగును.

2009లో కోడి రామకృష్ణ తీసిన ‘అరుంధతి’ ఈ రెండు మార్గములను కలిపినది. కథాస్థలము గద్వాల, చిత్రమున కనబడు భవనము బనగానపల్లెలోనిది. పశుపతి బీభత్సమువలన భయానకము పుట్టును. జేజమ్మ వీరమువలన అద్భుతము పుట్టును. ఈ ఉభయసంయోగమే దాని ప్రఖ్యాతికి హేతువు. అటుపిమ్మట ‘ప్రేమకథాచిత్రమ్’ (2013), ‘ఆనందో బ్రహ్మ’ (2017) దయ్యమును హాస్యమునకు లోబఱచినవి. రసాభాసము హాస్యమునకు దారితీయునని అభినవగుప్తుడు చెప్పిన మాటకు ఇవి లక్ష్యములు. వీనిలో రెండవదాన దయ్యములే మనుష్యులకు వెఱచును.

ఇటీవలి ‘మా ఊరి పొలిమేర’ (2021), ‘విరూపాక్ష’ (2023) మరల పల్లెకు పోయి చేతబడిని వస్తువుగా గైకొన్నవి. ఇచ్చట రసవిచారము మాత్రమే చాలదు. తెలంగాణ పల్లెలలో బాణామతి నెపమున నిరుపేదలను, వృద్ధులను కొట్టుటయు చంపుటయు కథలు గావు, జరిగిన ఘోరములు. ‘విరూపాక్ష’లో క్షుద్రప్రయోగము చేయుచున్నారని గ్రామస్థులు దంపతులను దహింతురు, పండ్రెండేండ్లకు, 1991లో, ఆ యూర మరణములు వరుసగా సంభవించును. గుంపు చేసిన క్రౌర్యమును ఈ చిత్రము దాచలేదు. కాని క్షుద్రవిద్య నిజమేయని కథ ఒప్పుకొన్నది. ఆ యొప్పుకోలు గుంపునకు ఒక సాకు నిచ్చుచున్నది.

రౌద్రమువలన కరుణము పుట్టవలెనన్న భరతసూత్రము ఇచ్చట గుర్తుంచుకొనదగినది. దహింపబడినవారి పక్షమున ప్రేక్షకుని కన్ను చెమర్చినప్పుడు భయానకకథ ఉత్తమమగును. పొరుగింటి ముదుసలిని అనుమానింపజేసినచో, ఎంత నేర్పుతో తీసినను అది అధమమే. భూతమును చూపి వెఱపించుట సులభము. మనుష్యుడే భూతమైన క్షణమును చూపి వెఱపించుట కష్టము; తెలుగు భయానకచిత్రములు ఇకమీదట సాధింపవలసినది ఆ కష్టమైనదే.