బర్ట్, ఎర్నీ

అమెరికా పిల్లల టీవీ కార్యక్రమం ‘సెసమీ స్ట్రీట్’లో ఒకే గదిలో ఉండే రెండు బొమ్మ పాత్రలు. 1969లో ప్రసారాలు మొదలైనప్పటి నుంచీ ఉన్నాయి. ఎర్నీని జిమ్ హెన్సన్, బర్ట్‌ను ఫ్రాంక్ ఓజ్ ఆడించేవారు.

స్వభావాల తేడా రూపంలోనే తెలుస్తుంది. బర్ట్‌ది కోలముఖం, స్వెటర్ మీద నిలువు చారలు, రెండు కళ్లకూ కలిపి ఒకే దట్టమైన కనుబొమ్మ. ఎర్నీది అడ్డంగా సాగిన ముఖం, అడ్డచారలు. బర్ట్ పేపర్ క్లిప్పులు, సీసా మూతలు పోగుచేస్తాడు, పావురాలంటే ప్రాణం. ఎర్నీకి స్నానాల తొట్టి, రబ్బరు బాతు చాలు. ఆ బాతు మీద పాడిన పాట 1970లో బిల్‌బోర్డ్ పట్టికలో 16వ స్థానానికి ఎక్కింది.

ఒక ప్రసిద్ధ సన్నివేశంలో ఎర్నీ చెవిలో అరటిపండు ఉంటుంది. అదెందుకని బర్ట్ ఎంత అరిచినా, చెవిలో పండుంది, వినపడటం లేదంటాడు. బర్ట్‌ను చాదస్తుడని కొట్టిపారేయడం తేలికే గానీ, అతని చిరాకు లేకపోతే ఎర్నీ కొంటెతనానికి పస ఉండదు.

బొమ్మల తయారీ కూడా ఇందుకు తగ్గట్టే ఉంది. బర్ట్ చేతులు కడ్డీలతో కదులుతాయి. ఎర్నీ చేతుల్లో మాత్రం తొడుగులు వేసుకున్న మనిషి చేతులుంటాయి, అందుకే కనిపించిన ప్రతిదాన్నీ పట్టుకుని కెలకగలడు. అతణ్ని ఆడించడానికి సాధారణంగా ఇద్దరు కావాలి.