పేరులేని వంశములు

వర్జీనియా రాష్ట్రమున జేమ్సు నదీతీరమున చార్లెస్ సిటీ కౌంటీ కలదు. పేరునకు నగరమే కాని యది పల్లెసీమ. అచ్చటి ప్రాచీన కుటుంబములలో హారిసనులు, కార్టరులు ప్రసిద్ధులు. బెర్కిలీ క్షేత్రస్వామియైన అయిదవ బెంజమిన్ హారిసన్ 1776లో స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసెను. ఆయన కుమారుడు 1841లో దేశాధ్యక్షు డయ్యెను.

ఆ క్షేత్రములలో చాకిరి చేసినది బానిసలు. బిడ్డ తల్లి స్థితినే పొందునని 1662 నాటి శాసనము విధించెను. కావున దాస్యమే వారికి వారసత్వ మయ్యెను. 1850, 1860 జనాభా లెక్కలలో యజమానుని పేరు క్రింద వారి వయస్సు, లింగము, వర్ణము మాత్రమే సాధారణముగా వ్రాసిరి. 1865లో దాస్యము రద్దుకాగా, విముక్తులు 1870 లెక్కలలో స్వనామములతో గానవచ్చిరి.

యజమానుల వంశావళినే సీమచరిత్ర మనుట న్యాయమా? దున్నినవారి పేళ్లను గూడ వెదకి చేర్చుట చరిత్రకారుని విధి.